ఆలెన్ హైస్కూల్: క్రీడలు, కళలు

ఆలెన్ హైస్కూల్ అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో, డాలస్ నగరానికి ఉత్తరాన ఉన్న ఆలెన్ పట్టణపు ప్రభుత్వ ఉన్నత పాఠశాల; అమెరికన్ ఫుట్‌బాల్ జట్టుకూ, కవాతు బ్యాండ్‌కూ పేరుపొందింది. 1990లో సుమారు 18,000 ఉన్న పట్టణ జనాభా 2020 నాటికి లక్ష దాటింది. అయినా స్థానిక విద్యా యంత్రాంగం రెండో హైస్కూల్ తెరవక, ఉన్నదాన్నే విస్తరించింది. దీంతో పట్టణంలోని క్రీడాకారులు ఒకే జట్టుకు, వాద్యకారులు ఒకే బృందానికి అందుబాటులోకి వచ్చారు. ఈ రంగాల్లో పాఠశాల బలానికి ప్రధాన కారణం ఇదే.

ఫుట్‌బాల్ జట్టు 2008, 2012, 2013, 2014, 2017లలో రాష్ట్ర విజేతగా నిలిచింది. వీటిలో 2012 నుంచి 2014 వరకు వరుసగా వచ్చిన మూడు విజయాల్లో జట్టు క్వార్టర్‌బ్యాక్ (దాడిని నడిపించే ఆటగాడు) కైలర్ మర్రీ. 2012లో దాదాపు 6 కోట్ల డాలర్లతో, 18,000 సీట్లతో ప్రారంభమైన పాఠశాల స్టేడియం ఖర్చు దేశవ్యాప్త చర్చకు దారితీసింది. కాంక్రీటులో పగుళ్లు కనిపించడంతో 2014లో దాన్ని మూసివేశారు. ఆ ఏడాది సొంత మైదానం లేకుండానే జట్టు టైటిల్ నిలబెట్టుకోవడం విశేషం. మరమ్మతుల తర్వాత 2015లో స్టేడియం తిరిగి తెరుచుకుంది.

కళా విభాగంలో ప్రధానమైనది ‘ఈగిల్ ఎస్కడ్రిల్’ బ్యాండ్. వాద్యకారులు, జెండాల బృందం, ‘టాలెనెట్స్’ నృత్య బృందం కలిసి వందలాది మంది విద్యార్థులు ఆట విరామంలో మైదానమంతా పరుచుకుని, అడుగులు కలుపుతూ ప్రదర్శన ఇస్తారు.