ఎకరానికి ఏడెకరాలు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంపాదకవర్గం అడిగింది. మా 1985 పదో తరగతి బ్యాచ్ అల్లరి గురించి రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళు నాకంటే బాగా రాస్తారు కూడా. నేను అమెరికాలో వాయవ్య మూలన, సియాటిల్ దగ్గర, ఇరవై ఏళ్ళకు పైగా వంతెనల పని చేస్తున్న సివిల్ ఇంజనీరుని. చరిత్ర నా సబ్జెక్టు కాదు. అయితే మన బడి ఆటస్థలాన్ని ఒక ప్రైవేటు పార్టీకి ఇచ్చేసి, బదులుగా బైపాస్ పక్కన రెండింతల స్థలం పుచ్చుకుందామన్న మాట కొన్ని నెలలుగా మన సభ్యుల మధ్య నలుగుతోంది. ప్రజల భూమి ఇచ్చి ప్రైవేటు భూమి తీసుకునే ఈ పద్ధతికి నేనుంటున్న చోట నూట పాతికేళ్ళ చరిత్ర ఉంది. పాఠం చెప్పిన మాస్టార్ల ముందు శిష్యుడు చరిత్ర చెప్పడం సాహసమే. పెద్దలు మన్నించాలి.

ఆకాశం తేటగా ఉన్న రోజున సియాటిల్ నుంచి మౌంట్ రెయినియర్ కనబడుతుంది. 14,410 అడుగుల మంచుకొండ. దాన్ని జాతీయ పార్కుగా ప్రకటిస్తూ 1899 మార్చి 2న చట్టం వచ్చింది. మంచి పనే. కానీ ఆ కొండ మీద కొంత భూమి నార్తర్న్ పసిఫిక్ అనే రైల్వే కంపెనీది. రైల్వేకి కొండ శిఖరాల మీద భూమి ఎందుకుందో చెప్పాలంటే ఇంకొంచెం వెనక్కి వెళ్ళాలి.

1864లో అబ్రహాం లింకన్ సంతకం చేసిన చట్టంతో ఆ కంపెనీకి రైలు మార్గం వేసే హక్కుతో పాటు దారి పొడవునా భూమి కూడా దక్కింది. అక్కడి సర్వే లెక్కలో ఒక సెక్షన్ అంటే చదరపు మైలు, అంటే 640 ఎకరాలు. దారికి రెండు వైపులా బేసి అంకె సెక్షన్లు రైల్వేవి, సరి అంకె సెక్షన్లు ప్రభుత్వానివి. మ్యాపు మీద చూస్తే అచ్చం చదరంగం పలకే. అలా ఆ ఒక్క కంపెనీకి చివరికి సుమారు 4 కోట్ల ఎకరాలు చేరాయి. గీత గీసినవాళ్ళు మ్యాపు మీద గీశారు గనుక ఏ గడి కింద పచ్చటి అడవి ఉందో, ఏ గడి కింద మంచుగడ్డ ఉందో చూడలేదు.

1899 చట్టం రైల్వేకి ఒక వెసులుబాటు ఇచ్చింది. పార్కులోనూ, దాని చుట్టూ ఉన్న రిజర్వు అడవిలోనూ ఉన్న తన భూమిని కంపెనీ వదులుకుంటే, తన రైళ్ళు నడిచే ఏ రాష్ట్రంలోనైనా అంతే విస్తీర్ణం గల ప్రభుత్వ భూమిని ఎంచుకోవచ్చు. ఆ 'అంతే విస్తీర్ణం' అన్న మాటలోనే ఉంది కిటుకంతా. రాయి, మంచు ఉన్న ఎకరానికి, నిలువెత్తు కలప ఉన్న ఎకరం సమానమట! ఇచ్చేది ఏదో ముందే తెలుసు, తీసుకునేది మాత్రం కంపెనీ తిరిగి చూసుకుని ఏరుకోవచ్చు. బేరంలో ఒక పక్షానికి మాత్రమే కళ్ళుండటం అంటే ఇదే. సరిగ్గా ఆ రోజుల్లోనే, 1900లో, తన పాత వాటా భూముల్లోంచి 9 లక్షల ఎకరాల అడవిని రైల్వే ఎకరం 6 డాలర్ల చొప్పున వేయర్‌హౌజర్ అనే కలప వ్యాపారికి అమ్మింది. ఆ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

నిజానికి మార్పిడి ఆలోచన పుట్టింది పేదవాడి పేరు మీదే. 1897లో అడవులను రిజర్వు చేస్తూ చేసిన చట్టంలో, ఆ హద్దుల లోపల చిక్కుకుపోయిన చిన్న రైతు తన చెక్కను వదిలి బయట మరో చెక్క తీసుకోవచ్చని రాశారు. రాసినవాళ్ళ మనసులో ఉన్నది రైతు. కానీ చట్టంలో 'రైతు'తో పాటు 'యజమాని' అని కూడా పడే సరికి రైల్వేలు, కలప కంపెనీలు, దళారులు వరుస కట్టారు. నరికేసిన అడవి ఇచ్చి నరకని అడవి తీసుకున్నారు.

బడి పిల్లల చరిత్ర ఇక్కడే కలుస్తుంది. పశ్చిమ రాష్ట్రాల్లో 36 సెక్షన్ల ప్రతి టౌన్‌షిప్‌లో 16వ, 36వ సెక్షన్లను బడుల నిర్వహణ కోసం కేటాయించేవారు. మన దగ్గర గుడికి మాన్యం ఉన్నట్టు అక్కడ బడికి మాన్యం అన్నమాట. శాన్ ఫ్రాన్సిస్కోలో హైడ్ అనే భూవ్యాపారి, అతని సహచరులు కాలిఫోర్నియా, ఆరెగాన్ రాష్ట్రాల్లో రిజర్వు అడవుల లోపల పడిన ఈ బడి సెక్షన్లను లేని మనుషుల పేర్లతో దరఖాస్తులు పెట్టి చవగ్గా సంపాదించారు. వెంటనే వాటిని కేంద్ర ప్రభుత్వానికి ఇచ్చి బయట విలువైన ప్రభుత్వ భూమిని మార్పిడి కింద పట్టుకుపోయారు. 1908లో హైడ్‌కి శిక్ష పడింది, 1912లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. పక్కనే ఆరెగాన్‌లో అదే కాలంలో బయటపడిన భూకుంభకోణంలో జాన్ మిచెల్ అనే సెనేటరు, భూమి క్లెయిములను త్వరగా పాస్ చేయించడానికి డబ్బు తీసుకున్నాడని 1905లో దోషిగా తేలాడు. అప్పీలు తేలకముందే పోయాడు. అదే ఏడాది మార్చిలో ఆ మార్పిడి నిబంధనను పార్లమెంటు రద్దు చేసింది. ఎనిమిదేళ్ళలో అంత నష్టం.

పద్ధతి మాత్రం చావలేదు. 1922లో ఇంకో చట్టంతో తిరిగొచ్చింది. 1976 చట్టంలో విలువ సమానంగా ఉండాలన్నారు, తేడా ఉంటే నగదుతో సరిచేయాలన్నారు, మార్పిడి ప్రజాప్రయోజనానికి పనికిరావాలన్నారు. కాగితం మీద ఇంతకంటే ఏం కావాలి? కానీ విలువ కట్టేది ఎవరు? పది మంది వేలం పాడితే తేలే ధర వేరు, ఒక్క కొనుగోలుదారు ముందు కూర్చుని అంచనా వేసే ధర వేరు. మన కాంట్రాక్టర్ల భాషలో చెప్పాలంటే మార్పిడి అంటే టెండరు లేకుండా నామినేషన్ మీద పని ఇవ్వడమే. మన కాగ్ లాంటి అక్కడి ఆడిట్ సంస్థ 2000లో ఇచ్చిన నివేదికలో నెవాడా సంగతి ఒకటుంది. మార్పిడి కింద 7,63,000 డాలర్లుగా విలువ కట్టి ఇచ్చిన 70 ఎకరాల ప్రభుత్వ భూమిని, పుచ్చుకున్న పార్టీ అదే రోజున 46 లక్షల డాలర్లకు అమ్ముకుంది. ఆరు రెట్లు, ఒక్క రోజులో! ఈ మార్పిడి కార్యక్రమాలను అసలు ఆపేయించే విషయం ఆలోచించమని ఆ సంస్థ పార్లమెంటుకు సూచించింది. పార్లమెంటు ఆపలేదు.

ఇక శీర్షికలోని లెక్క. రెయినియర్ పార్కుకు ఉత్తరాన హకిల్‌బెర్రీ అనే కొండ ఉంది. అక్కడ ప్రభుత్వ అడవిలో 4,362 ఎకరాలు వేయర్‌హౌజర్‌కు ఇచ్చి, ఆ కంపెనీ దగ్గర 30,253 ఎకరాలు తీసుకునే ఒప్పందం 1998లో జరిగింది. అవును, 1900లో రైల్వే దగ్గర అడవి కొన్న ఆ వేయర్‌హౌజరే. ఎకరానికి ఏడెకరాలు వస్తుంటే వద్దనేవాడు పిచ్చివాడనిపిస్తుంది. వచ్చే భూమిలో చాలా భాగం కంపెనీ ఇప్పటికే నరికేసిన అడవి. ఇచ్చేదాంట్లో గొడ్డలి పడని పాత అడవి ఉంది. ఆ కొండ మీదుగా మకల్‌షూట్ అనే ఆదివాసీ తెగ వారి పూర్వీకులు తరతరాలుగా నడిచిన కాలిబాట ఉంది.

మకల్‌షూట్ తెగ, పర్యావరణ సంఘాలు కోర్టుకెళ్ళాయి. 1999 మే నెలలో అప్పీలు కోర్టు వాళ్ళ పక్షాన తీర్పిచ్చింది. తీర్పులోని రెండు విషయాలు ఇంజనీరుగా నన్ను పట్టుకున్నాయి. అటవీ శాఖ పరిశీలించామని చెప్పిన ప్రత్యామ్నాయాల్లో ఒకటి ఏమీ చేయకపోవడం, మిగతా రెండూ దాదాపు ఒకేలాంటి మార్పిడులు. కంపెనీ భూమి అంత అవసరమైతే డబ్బు పెట్టి కొంటే ఏమవుతుందన్నది లెక్కలోకే రాలేదు. మా ఆఫీసులో జూనియర్ ఎవరైనా ఒకే డిజైనుకు రెండు రంగులు వేసి మూడు ఆప్షన్లని తెస్తే వెనక్కి పంపేస్తాం. రెండోది ఆ కాలిబాట. దాన్ని ఇచ్చేసే ముందు మ్యాపులు గీసి ఫొటోలు తీసి భద్రపరుస్తామన్నారు. అది చాలదంది కోర్టు. నిజమే కదా, తాతగారి ఇల్లు అమ్మేసి ఫొటో గోడకు తగిలించుకుంటే ఇల్లున్నట్టా? ఆ తీర్పు వచ్చే నాటికే కొంత అడవి నేలకొరిగింది. కోర్టు భూమిని వెనక్కి ఇప్పించగలదేమో గానీ ఆ చెట్లను నిలబెట్టలేదు.

అన్ని మార్పిడులూ దోపిడీలేనని నేననను. చదరంగం పలకలా ముక్కలైన అడవిని ఒకచోట చేర్చడానికి కొన్ని మార్పిడులు నిజంగా ఉపయోగపడ్డాయి. రెయినియర్ పార్కే అందుకు ఉదాహరణ. నా అభ్యంతరం వేరు. ఈ చరిత్రలో నేను చూసిన పెద్ద మార్పిడుల్లో ముందుగా 'ఆ ముక్క కావాలి' అని వేలు చూపించింది ప్రజలు కాదు. ప్రైవేటు పక్షం తనకు కావలసిన చోటును ముందు ఎంచుకుంటుంది, తరువాత ప్రజలకు ఏమివ్వచ్చో వెతుకుతుంది. ఎకరాల లెక్క ఆ తరువాత వస్తుంది, ఆ మొదటి సంగతిని మరిపించడానికి.

ఆరిజోనాలో ఓక్ ఫ్లాట్ కథ ఇంకా ముదిరింది. శాన్ కార్లోస్ అపాచీలకు పవిత్రమైన చోటది. గనుల తవ్వకం అక్కడ జరగకూడదని 1955లో ఐజన్‌హోవర్ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. కింద రాగి ఉంది. రియో టింటో, బీహెచ్‌పీల ఉమ్మడి కంపెనీకి అక్కడి 2,422 ఎకరాలు ఇచ్చి, వేరే చోట్ల 5,300కు పైగా ఎకరాలు తీసుకునే నిబంధనను 2014 డిసెంబరులో రక్షణ శాఖ బడ్జెటు బిల్లులో ఇరికించారు. రక్షణ బిల్లును ఎవరు కాదంటారు? పర్యావరణ నివేదిక వచ్చిన 60 రోజుల్లోగా భూమి అప్పగించాలని కూడా అందులోనే రాశారు, నివేదికలో ఏమున్నా సరే. కాంక్రీటు క్యూబు టెస్టుకి పంపి, ఫలితం ఏదొచ్చినా శ్లాబు వేసేయమన్నట్టు. గని పూర్తయ్యే సరికి అక్కడ సుమారు రెండు మైళ్ళ వెడల్పు, వెయ్యి అడుగుల వరకు లోతు గుంట పడుతుందని అంచనా. 2025 మేలో అపాచీల కేసు వినడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. జస్టిస్ గోర్సచ్ మాత్రం విభేదించారు, జస్టిస్ థామస్ ఆయనతో కలిశారు. గని తవ్వేది రాగి కోసం, రాగి తీగలు లేకుండా నా వృత్తి నడవదు. అయినా ఆ చోటుకు బదులుగా ఇంకో చోట రెండింతలు ఇచ్చామన్న వాదన నాకు మింగుడు పడదు. ఆ తెగ ఆడపిల్లలు యుక్తవయసుకు వచ్చినప్పుడు చేసే వేడుక ఆ చోటే చేస్తారు. వేరే చోట్ల ఉన్న 5,300 ఎకరాల్లో కాదు.

ఇక్కడి చట్టం కూడా ఈ విషయంలో మూగది కాదు. పంజాబులో ఒక గ్రామం చెరువును ఆక్రమించుకున్న వాళ్ళ దగ్గర భూమి ఖరీదు వసూలు చేసి వదిలేయమని కలెక్టరు అన్నారు. 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు అది చెల్లదంది, గ్రామ ఉమ్మడి భూములను ఆక్రమణదారుల నుంచి విడిపించేందుకు పథకాలు తయారు చేయమని అన్ని రాష్ట్రాలనూ ఆదేశించింది. డబ్బు కట్టినంత మాత్రాన చెరువు చేతులు మారదు. మన పల్లెల్లో పోరంబోకు అన్న మాట తిట్టుగా మారింది గానీ, పశువుల మేతా, చెరువూ, శ్మశానమూ, కళ్ళమూ ఆ ఖాతాలోనే ఉన్నాయి. ఎవరిదీ కాదు అంటే అందరిదీ అని.

మన ఆటస్థలం సంగతి. అది జిల్లా పరిషత్తుది, మన సంఘానిది కాదు. కానీ పూర్వ విద్యార్థుల సంఘం అభ్యంతరం లేదని లేఖ ఇస్తే పని తేలికవుతుందని అడుగుతున్నారని విన్నాను. బైపాస్ స్థలం విశాలంగా ఉందని మిత్రులు చెబుతున్నారు, నేనూ ఒప్పుకుంటాను. అక్కడికి బడి నుంచి పీటీ పీరియడ్‌లో పిల్లలు ఎలా వెళ్ళి వస్తారో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడున్న చోట సాయంత్రం ఆడపిల్లలు కబడ్డీ ఆడుకుంటున్నారంటే చుట్టూ ఇళ్ళున్నాయి కాబట్టే. 1990 మే తుఫానప్పుడు చుట్టుపక్కల ఊళ్ళ జనం బడిలో తలదాచుకుని, వాన తెరిపిచ్చాక వంటలు పెట్టుకున్నది ఆ మైదానంలోనే. మెయిన్ రోడ్డు మీద షాపులు కట్టుకుంటే గజం ఎంత పలుకుతుందో, బైపాస్ పక్క పొలం ఎకరం ఎంతో, మనూళ్ళో రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గర టీ తాగేవాళ్ళందరికీ తెలుసు. ఆ లెక్క ప్రతిపాదనలో లేదు, ఎకరాల లెక్క మాత్రమే ఉంది.

కార్యదర్శిగారికి నేను పంపిన ఉత్తరంలో మూడు అడిగాను. ఈ స్థలమే కావాలని మొదట ఎవరు అడిగారు, ఎందుకు? ఇరు స్థలాలకూ సంబంధం లేని వాల్యుయరు చేత విలువ కట్టించారా? బడికి నిజంగా ఎక్కువ స్థలం కావాలంటే, ఉన్నది ఉంచుకుని బైపాస్ స్థలాన్ని చందాలతో కొనే ప్రయత్నం చేద్దామా? మూడో దానికి నా వాటా సిద్ధంగా ఉంది. మొదటి రెండింటికీ జవాబు వచ్చేదాకా, సర్వసభ్య సమావేశంలో నా ఓటు ఆ లేఖ ఇవ్వడానికి వ్యతిరేకంగానే పడుతుంది.