ఒక్క నాబ్ కోసం

బాలానగర్ లేత్ షాపుల మధ్య సందులోకి తిరుగుతారు. రెండు పక్కలా ఇనుము కీచుమంటోంది. కటింగ్ ఆయిల్ వాసన చొక్కాకు పడుతోంది. గుమ్మాల ముందు మెలికలు తిరిగిన తరుగు కుప్పలు. ఇక్కడ ఏ జాబ్‌కైనా ఒకటే పద్ధతి: కడ్డీ తెచ్చి, అక్కర్లేనిదంతా చెక్కి పారేయడం. మేడమెట్లెక్కి గాజు తలుపు తోస్తే లోపల దానికి పూర్తిగా ఎదురు పని జరుగుతోంది. బల్ల మీద మూడు త్రీడీ ప్రింటర్లు ఏమీ లేని చోట వస్తువును కొద్దికొద్దిగా పెంచుతున్నాయి.

మీ చేతిలోని క్యారీబ్యాగులో పాత సెమీ ఆటోమేటిక్ వాషింగ్ మెషీన్ టైమరు, దాని విరిగిన నాబ్ ఉన్నాయి. మోటారుకు ఏ రోగమూ లేదు. నాబ్ పోయిన దగ్గర్నుంచి ఇంట్లో టైమర్‌ను కటింగ్ ప్లేయర్‌తో తిప్పుతున్నారు. స్పేర్ అడిగితే ఆ మోడలే ఆపేశారన్నారు.

"టైమర్ కూడా విప్పి తెచ్చారా, మంచి పని చేశారండీ," అంటుంది ల్యాబ్ చూసుకునే అమ్మాయి. నాబ్‌ను వెలుగుకేసి తిప్పి చూస్తుంది. చేత్తో పట్టుకునే భాగం నిక్షేపంలా ఉంది. వెనకాల షాఫ్ట్ దూరే గొట్టమే నిలువునా చీలింది. ఆ రంధ్రం పూర్తి గుండ్రం కాదు, ఒక పక్క చదునుగా ఉంది. తిప్పినప్పుడల్లా బలమంతా ఆ చదును అంచు మీదే పడుతుంది.

"ముందు కొలవండి." డిజిటల్ కాలిపర్ మీ చేతికే ఇస్తుంది. బటన్ నొక్కితే వస్తువు వచ్చేస్తుందనుకుని వచ్చిన వాళ్లందరికీ ఇక్కడే బ్రేక్ పడుతుంది. షాఫ్ట్ గుండ్రం వైపు 6 మిల్లీమీటర్లు, చదును దగ్గర 4.5. ఇంకాస్త కిందికి జరిపి మళ్లీ కొలవమంటుంది. అవే అంకెలు. అప్పుడు గానీ కీబోర్డు ముట్టుకోదు. స్క్రీన్ మీద ఒక వృత్తం గీసి పైకి లాగితే దిమ్మె అవుతుంది, దానికి వెనకాల గొట్టం, గొట్టానికి రంధ్రం. రంధ్రాన్ని 6 కాకుండా 6.2 చేస్తుంది. "కరిగిన ప్లాస్టిక్ లోపలివైపు కొంచెం ఒరుగుతుందండీ. ఆరుకి ఆరే పెడితే షాఫ్ట్ ఎక్కదు." కింద లేత్ మీదున్న మేస్త్రీకి ఈ లెక్క కొత్తేమీ కాదు, చేతివేళ్లకే తెలుసు. గొట్టం గోడ మందం పాతదానిలో మిల్లీమీటరున్నర. ఆమె మూడు చేస్తుంది.

తర్వాత స్లైసర్. ఈ సాఫ్ట్‌వేర్ మీ నాబ్‌ను అడ్డంగా పొరలు పొరలుగా కోసి చూపిస్తుంది. ఎత్తు 24 మిల్లీమీటర్లు, ఒక్కో పొర 0.2, మొత్తం 120 పొరలు. కడుపంతా గట్టిగా నింపక్కర్లేదు, 20 శాతం జాలీ అల్లిక చాలు. బయటి గోడలు మాత్రం నాలుగు వరసలు.

"దీన్ని ఎలా పడుకోబెడదాం?" అని అడుగుతుంది. మీకు ప్రశ్నే అర్థం కాదు. ఆమె డ్రాయర్‌లోంచి విరిగిన కొక్కెం ఒకటి తీసి ఇస్తుంది. విరిగిన చోట వేలు పెట్టి చూడండి: గరుకు లేదు, పేకముక్కల కట్టను మధ్యలో విడదీసినంత నున్నగా ఉంది. ప్రింట్ చేసిన వస్తువు పొర పొడవునా గట్టిగా ఉంటుంది, పొరకూ పొరకూ మధ్య బలహీనం. నాబ్‌ను పక్కకు పడుకోబెట్టి ప్రింట్ చేస్తే షాఫ్ట్ బిగిసినప్పుడు గొట్టం మళ్లీ చీలుతుంది. ముఖం కిందికి పెట్టి, గొట్టం పైకి నిలబెడితే ప్రతి పొరా రంధ్రం చుట్టూ తెగని చుట్టవుతుంది. ఈ విద్యలో నేర్చుకోవాల్సిందంతా దాదాపు ఈ ఒక్క నిర్ణయంలోనే ఉందని నా అభిప్రాయం. రంగులు, వేగాలు తర్వాతి సంగతి.

పనిలో పని, మీరు గ్యాస్ స్టవ్ నాబ్ కూడా బయటికి తీస్తారు. ఆమె తల అడ్డంగా ఊపుతుంది. ఈ ప్రింటర్‌లో ఎక్కించి ఉన్నది పీఎల్ఏ, మొక్కజొన్న పిండి, చెరకు లాంటి వాటి నుంచి తీసే ప్లాస్టిక్. 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. మే నెలలో ఎండలో ఆపిన కారులో పెట్టినా వంగిపోతుంది. వాషింగ్ మెషీన్‌కైతే ఢోకా లేదు.

ఇనప ప్లేటును స్పిరిట్‌తో తుడిచి స్టార్ట్ నొక్కుతుంది. ప్లేటు 60 డిగ్రీలు, కరిగిన ప్లాస్టిక్ కారే ముక్కు, అంటే నాజిల్, 210. నాజిల్ రంధ్రం 0.4 మిల్లీమీటర్లు. పైనుంచి 1.75 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ తీగ దాంట్లోకి దిగుతోంది. ముక్కు ప్లేటుకు దాదాపు ఆనించి ముందు ఖాళీ చోట ఒక గీత గీస్తుంది, నోరు కడుక్కుంటున్నట్టు. మీరు వంగి చూడండి. గీత గుండ్రంగా దారంలా పడుంటే నాజిల్ మరీ ఎత్తులో ఉన్నట్టు, అంటుకోదు. కింది ప్లేటు కనపడేంత పల్చగా ఉంటే మరీ కిందున్నట్టు. ఇప్పుడు పడుతున్నది పక్కనున్న గీతతో ఒత్తుకుని పడుతోంది, మధ్యలో సందు లేదు. మధ్యలో ఓసారి చిటుక్కుమని చప్పుడు. "వానాకాలం కదండీ, తీగ చెమ్మ పీల్చింది. ఆవిరై పేలుతోంది." తీగచుట్టలను ఆమె సిలికా జెల్ వేసిన మూత డబ్బాల్లో దాస్తుంది.

గంట పడుతుందట. ఈలోగా ఈ పద్ధతి కథ వింటూ గోడ బల్ల మీద ఉన్నవన్నీ తిప్పి చూస్తారు. ప్లాస్టిక్‌ను కరిగించి పొరలుగా పేర్చే ఈ పద్ధతికి ఆద్యుడు స్కాట్ క్రంప్ అనే అమెరికన్. 1988లో కూతురి కోసం జిగురు గన్‌తో బొమ్మ కప్పను పొరలుగా చేయబోయి మొదలెట్టాడు. అంతకు ముందే, 1983లో, వేరే దారిలో చక్ హల్ ద్రవ రెసిన్‌ను అతినీలలోహిత కాంతితో గట్టిపరిచి తొలి వస్తువు చేశాడు. క్రంప్ పేటెంట్ గడువు 2009లో తీరడం, ఇంగ్లండులోని బాత్ యూనివర్సిటీలో ఏడ్రియన్ బోయర్ 2005లో మొదలెట్టిన రెప్‌రాప్ ప్రాజెక్టు ఎవరైనా కట్టుకోగల ప్రింటర్ నమూనాలను ఉచితంగా పంచడం, ఈ రెండూ కలిసొచ్చే ఇలాంటి మెషీన్ బాలానగర్ మేడ ఎక్కింది.

బల్ల మీద చెవిలోకి దూరేంత చిన్న డొల్ల ఒకటుంది, వినికిడి యంత్రానిది. ఏ ఇద్దరి చెవులూ ఒకలా ఉండవు కాబట్టి చెవి కొలతతో చేసే ఆ డొల్లలు ఇప్పుడు దాదాపు అన్నీ ప్రింటింగ్‌లోనే తయారవుతున్నాయి. మీ నాబ్‌దీ అదే కేసు. డై చేయించాలంటే లక్షల మాట. లక్ష నాబ్‌లు అమ్మేవాడికి అది గిట్టుబాటు, వాడికి ఈ ప్రింటర్ ఎందుకూ పనికిరాదు. ఒక్కటి కావలసిన వాడికే ఇది.

రాకెట్లూ ఒక్కటొక్కటిగా కావలసినవే. పీఎస్ఎల్‌వీ నాలుగో దశ ఇంజన్‌ను ఇస్రో లోహపు పొడిని లేజర్‌తో కరిగించి ప్రింట్ చేయించింది. 14 భాగాలు ఒక్కటైపోయాయి, 19 వెల్డింగ్ అతుకులు తప్పాయి. 2024 మే 9న దాన్ని 665 సెకన్లు మండించి పరీక్షించారు. పాత పద్ధతిలో ఒక్కో ఇంజన్‌కు 565 కిలోల లోహం వాడాల్సి వస్తే, ఇందులో 13.7 కిలోల పొడి సరిపోయింది. మిగతాదంతా ఎక్కడికి పోయేదో కింద గుమ్మాల ముందు చూసే వచ్చారు. సిద్దిపేట దగ్గర బూరుగుపల్లిలో కాంక్రీటుతో గుడే ప్రింట్ చేశారు. వినాయకుడి గర్భగుడి మోదకం ఆకారం, పార్వతిది పద్మం. అలాంటి వంపులకు సెంట్రింగ్ కొట్టించాలంటే వడ్రంగికి చుక్కలు కనిపిస్తాయి.

ప్రింటర్ ఆగింది. వేడిగా ఉన్నప్పుడు పీకబోతే ఆమె వారిస్తుంది. ప్లేటు చల్లారాక కొద్దిగా వంచితే నాబ్ టప్పున ఊడొస్తుంది. బరువు పది గ్రాములు. కిలో చుట్ట సుమారు వెయ్యి రూపాయలు కాబట్టి సరుకు ఖర్చు పది రూపాయలే, మిగతాది కొలతకూ గీతకూ ఇచ్చే కూలి. షాఫ్ట్‌కు తొడుగుతారు. సగం దాకా దిగి బిగుసుకుంటుంది. రంధ్రం లోపల ఒకచోట ప్లాస్టిక్ పిసరంత ఎక్కువైంది. ఆమె చిన్న ఆకురాయితో రెండు రుద్దులు రుద్ది మళ్లీ ఇస్తుంది. ఈసారి అరచేత్తో ఒత్తితే మొత్తం దిగింది. తిప్పి వదిలితే టైమర్ టికటికమంటూ వెనక్కి నడుస్తోంది.

స్టవ్ నాబ్‌ను మీ క్యారీబ్యాగులోనే వేసి ఇస్తుంది. "దీన్ని మాత్రం కొనుక్కోండి. ఏ స్టవ్ రిపేరు షాపులో అయినా దొరుకుతుంది, నేను తీసుకునే దాంట్లో సగం కూడా ఉండదు."