గవర్నర్ పదవికి ఎన్నిక లేదెందుకు?

అమెరికాలో బ్యాలెట్.. మన దేశంలో రాష్ట్రపతి ఉత్తర్వు
1949లో మారిన నిర్ణయం
1984 ఆగస్టు సంక్షోభం నేర్పిన పాఠం

ఆగిరిపల్లి : అమెరికాలో 36 రాష్ట్రాల గవర్నర్ పదవులకు 2026 నవంబరు 3 పోలింగ్ తేదీ. నూజివీడు, ఆగిరిపల్లి పరిసర గ్రామాల నుంచి చదువు కోసం, ఉద్యోగం కోసం ఆ దేశం వెళ్లి స్థిరపడిన కుటుంబాలు అనేకం. అక్కడి పౌరసత్వం పొందిన తెలుగువారు తమ రాష్ట్ర గవర్నర్‌ను తామే ఓటు వేసి ఎన్నుకుంటారు. ఇక్కడ ఉన్న వారి తల్లిదండ్రులకు మాత్రం ఆ అవకాశం లేదు. సర్పంచ్ నుంచి పార్లమెంటు సభ్యుని వరకు అందరినీ ఎన్నుకునే ఓటరుకు రాష్ట్ర ప్రథమ పౌరుని ఎన్నికలో పాత్ర ఎందుకు లేదన్నది సహజంగా తలెత్తే ప్రశ్న. దీనికి సమాధానం రాజ్యాంగ సభ చర్చల్లో ఉంది.

అక్కడి అభ్యర్థులు ఎవరు?

అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ గవర్నర్ ప్రజల ఓటుతోనే ఎన్నికవుతారు. న్యూహాంప్‌షైర్, వెర్మాంట్ రాష్ట్రాల్లో పదవీ కాలం రెండేళ్లు కాగా మిగిలిన 48 రాష్ట్రాల్లో నాలుగేళ్లు. ముందుగా పార్టీల అంతర్గత ఎన్నికల్లో నెగ్గి టికెట్ సాధించాలి. తర్వాత సాధారణ ఎన్నికలో ప్రత్యర్థిని ఓడించాలి. అక్కడి గవర్నర్ మన ముఖ్యమంత్రి మాదిరిగా రాష్ట్ర పాలనకు అధిపతి. బడ్జెట్ ప్రతిపాదించడం, శాసనసభ ఆమోదించిన బిల్లును తిరస్కరించడం వంటి అధికారాలు ఆ పదవికి ఉంటాయి.

మేరీలాండ్ రాష్ట్రంలో తెలుగు మహిళ అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికైన సంగతి తెలిసిందే. హైదరాబాద్‌లో 1964లో జన్మించిన ఆమె చిన్న వయసులోనే కుటుంబంతో అమెరికా వెళ్లారు. సివిల్ ఇంజనీరుగా మోంట్‌గోమరీ కౌంటీలో రవాణా రంగంలో పనిచేశారు. 2010 ఎన్నికల్లో రాష్ట్ర ప్రతినిధుల సభకు గెలిచారు. 2022 నవంబరులో గవర్నర్ అభ్యర్థి వెస్ మూర్‌తో కలిసి డెమోక్రటిక్ పార్టీ తరఫున పోటీ చేసి విజయం సాధించారు. 2023 జనవరి 18న పదవీ బాధ్యతలు చేపట్టారు. మేరీలాండ్‌లో ఈ రెండు పదవులకూ కలిపి ఒకే ఓటు. మరోసారి పోటీ చేయనున్నట్లు వెస్ మూర్ 2025 సెప్టెంబరులో ప్రకటించారు. ఒహాయోలో భారత సంతతికి చెందిన పారిశ్రామికవేత్త వివేక్ రామస్వామి రిపబ్లికన్ పార్టీ టికెట్ కోరుతూ 2025 ఫిబ్రవరిలో బరిలోకి దిగారు.

మొదట అనుకున్నది ఎన్నికే

మన దేశంలోనూ గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకోవాలన్నది తొలి ఆలోచన. సర్దార్ వల్లభ్‌భాయ్ పటేల్ అధ్యక్షతన ఏర్పడిన ప్రాంతీయ రాజ్యాంగ కమిటీ 1947లో వయోజన ఓటు ద్వారా గవర్నర్ ఎన్నిక జరగాలని సిఫార్సు చేసింది. 1948 ఫిబ్రవరిలో వెలువడిన ముసాయిదా రాజ్యాంగంలో రెండు మార్గాలు సూచించారు. ప్రజలు నేరుగా ఎన్నుకోవడం ఒకటి. శాసనసభ నలుగురి పేర్లతో జాబితా ఎన్నుకుని పంపితే అందులో ఒకరిని రాష్ట్రపతి నియమించడం రెండోది.

1949 మే నెలాఖరున ఈ అంశం రాజ్యాంగ సభలో చర్చకు వచ్చింది. రెండు మార్గాలనూ పక్కన పెట్టి, గవర్నర్‌ను రాష్ట్రపతి నియమించాలంటూ బ్రజేశ్వర్ ప్రసాద్ సవరణ ప్రతిపాదించారు. ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ దానిని సమర్థించారు. నెల్లూరు ప్రాంతానికి చెందిన ప్రముఖ న్యాయకోవిదుడు అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ కూడా నియామకం వైపే మొగ్గారు. ప్రజల ఓటుతో గెలిచిన గవర్నర్, ప్రజల ఓటుతోనే గెలిచిన ముఖ్యమంత్రి ఒకే రాష్ట్రంలో ఉంటే అధికారం కోసం ఘర్షణ తప్పదన్నది వారి వాదనలో ప్రధానమైనది. గవర్నర్‌కు స్వతంత్ర అధికారాలు పెద్దగా లేనప్పుడు అంత ఖర్చుతో ఎన్నిక అవసరమా అన్నది డాక్టర్ అంబేద్కర్ ప్రశ్న. నియమితుడైన గవర్నర్ కేంద్రం చేతిలో మనిషిగా మారతారన్న ఆందోళన సైతం ఆ సభలో వినిపించింది. చివరకు సవరణకే ఆమోదం లభించింది.

అర్హతలు.. నిబంధనలు

రాజ్యాంగంలోని 155వ అధికరణం ప్రకారం రాష్ట్రపతి సంతకం, ముద్రతో కూడిన ఉత్తర్వు ద్వారా గవర్నర్ నియమితులవుతారు. 157వ అధికరణం ప్రకారం భారత పౌరుడై, 35 ఏళ్లు నిండి ఉంటే చాలు. పార్లమెంటులో గాని, శాసనసభలో గాని సభ్యత్వం ఉంటే పదవి చేపట్టిన నాటి నుంచి అది రద్దవుతుంది. పదవీ కాలం ఐదేళ్లు. అయితే రాష్ట్రపతి విశ్వాసం ఉన్నంత వరకే కొనసాగుతారని 156వ అధికరణం చెబుతోంది. కారణం లేకుండా, ఇష్టానుసారం గవర్నర్‌ను తొలగించడం తగదని సుప్రీంకోర్టు 2010లో బి.పి.సింఘాల్ కేసులో స్పష్టం చేసింది. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి గవర్నర్‌తో ప్రమాణం చేయిస్తారు.

ఒకే వ్యక్తిని రెండు రాష్ట్రాలకు గవర్నర్‌గా నియమించే వీలును 1956 నాటి ఏడో రాజ్యాంగ సవరణ కల్పించింది. 2014లో రాష్ట్ర విభజన తర్వాత ఇ.ఎస్.ఎల్.నరసింహన్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ గవర్నర్‌గా వ్యవహరించారు. 2019 జులైలో బిశ్వభూషణ్ హరిచందన్ విభజనానంతర ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక గవర్నర్‌గా వచ్చారు. ఆయన తర్వాత సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి ఎస్.అబ్దుల్ నజీర్ 2023 ఫిబ్రవరి 24న ప్రమాణ స్వీకారం చేశారు. 1953 అక్టోబరు 1న ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి తొలి గవర్నర్ చందూలాల్ త్రివేది. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించిన తర్వాతా ఆయనే కొనసాగారు.

నెల రోజుల సంక్షోభం

గవర్నర్ నిర్ణయం రాష్ట్ర ప్రజల తీర్పును ఎలా తారుమారు చేయగలదో 1984లో తెలుగువారు ప్రత్యక్షంగా చూశారు. 1983 ఎన్నికల్లో ఘన విజయంతో ముఖ్యమంత్రి అయిన ఎన్.టి.రామారావు అమెరికాలో గుండె శస్త్రచికిత్స చేయించుకుని తిరిగి వచ్చారు. 1984 ఆగస్టు 16న గవర్నర్ రాంలాల్ ఆయన ప్రభుత్వాన్ని బర్తరఫ్ చేసి నాదెండ్ల భాస్కరరావును ముఖ్యమంత్రిగా నియమించారు. తనకు మెజారిటీ ఉందని, శాసనసభలో నిరూపించుకుంటానని రామారావు చెప్పినా గవర్నర్ అంగీకరించలేదు. రాష్ట్రమంతటా ఆందోళనలు చెలరేగాయి. దేశంలోని ప్రతిపక్షాలన్నీ ఆయనకు అండగా నిలిచాయి. నెల తిరగక ముందే రాంలాల్ పదవి వీడగా శంకర్ దయాళ్ శర్మ ఆయన స్థానంలోకి వచ్చారు. సెప్టెంబరు 16న రామారావు తిరిగి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. 1985 ఎన్నికల్లో ప్రజలు మళ్లీ ఆయనకే పట్టం కట్టారు.

కేంద్ర, రాష్ట్ర సంబంధాలపై 1983లో ఏర్పాటైన సర్కారియా కమిషన్ 1988లో నివేదిక సమర్పించింది. గవర్నర్ బయటి రాష్ట్రానికి చెందినవారై ఉండాలని, సమీప కాలంలో క్రియాశీల రాజకీయాల్లో పాల్గొని ఉండరాదని, నియామకానికి ముందు ముఖ్యమంత్రిని సంప్రదించాలని సూచించింది. మెజారిటీ బలాబలాలు తేలవలసింది శాసనసభలోనే గాని గవర్నర్ నివాసంలో కాదని 1994లో ఎస్.ఆర్.బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది. బిల్లులపై గవర్నర్లు జాప్యం చేస్తున్నారన్న వివాదంలో మాత్రం న్యాయస్థానాలు గడువు విధించలేవని ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2025 నవంబరు 20న అభిప్రాయపడింది. అయితే బిల్లులను నిరవధికంగా పక్కన పెట్టడం కూడా సరికాదని పేర్కొంది.

పల్లెకు సంబంధం ఏమిటి?

గవర్నర్ పదవి విజయవాడకే పరిమితమైన అలంకారమని భావించడం పొరపాటు. పంచాయతీ ఎన్నికలు నిర్వహించే రాష్ట్ర ఎన్నికల కమిషనర్‌ను నియమించేది గవర్నరే. 2020 ఏప్రిల్‌లో ఆ కమిషనర్ పదవీ కాలాన్ని ఐదేళ్ల నుంచి మూడేళ్లకు కుదిస్తూ రాష్ట్ర ప్రభుత్వ సలహాపై గవర్నర్ ఆర్డినెన్సు జారీ చేశారు. ఫలితంగా ఎన్.రమేశ్‌కుమార్ పదవి కోల్పోయారు. మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్సును కొట్టివేసింది. జులైలో గవర్నర్ ఆదేశంతో ఆయన తిరిగి బాధ్యతలు స్వీకరించారు. ఆ తర్వాత 2021 ఫిబ్రవరిలో పంచాయతీ ఎన్నికలు జరిగాయి. గ్రామంలో సర్పంచ్ ఎన్నిక ఎప్పుడు జరగాలన్న విషయం సైతం గవర్నర్ సంతకంతో ముడిపడి ఉందనడానికి ఇది నిదర్శనం. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ సభ్యుల నియామకం కూడా గవర్నర్ పేరిటే జరుగుతుంది.

ముఖ్యమంత్రిని నియమించి ప్రమాణం చేయించే దృశ్యాన్ని ఈ ప్రాంతవాసులు ఇంటి ముంగిటే చూశారు. 2024 జూన్ 12న పొరుగునే ఉన్న గన్నవరం సమీపంలోని కేసరపల్లిలో చంద్రబాబునాయుడుతో గవర్నర్ అబ్దుల్ నజీర్ ప్రమాణ స్వీకారం చేయించారు. నూజివీడు నుంచి గెలిచిన కొలుసు పార్థసారథి అదే వేదికపై మంత్రిగా ప్రమాణం చేశారు.

గవర్నర్లయిన తెలుగువారు

ఇతర రాష్ట్రాల్లో గవర్నర్లుగా పనిచేసిన తెలుగువారి జాబితా పెద్దదే. నేటి ఏలూరు జిల్లాలోని గుండుగొలనులో జన్మించిన భోగరాజు పట్టాభి సీతారామయ్య వారిలో తొలి వరుసలో ఉంటారు. రాజ్యాంగ సభ సభ్యుడైన ఆయన 1952 నుంచి 1957 వరకు మధ్యప్రదేశ్ గవర్నర్‌గా ఉన్నారు. బూర్గుల రామకృష్ణారావు, వి.వి.గిరి, బెజవాడ గోపాలరెడ్డి ఉత్తరప్రదేశ్ గవర్నర్లుగా పనిచేశారు. మర్రి చెన్నారెడ్డి పలు రాష్ట్రాల్లో, కొణిజేటి రోశయ్య తమిళనాడులో బాధ్యతలు నిర్వహించారు. కంభంపాటి హరిబాబు 2021లో మిజోరం, 2024లో ఒడిశా గవర్నర్‌గా నియమితులయ్యారు. పూసపాటి అశోక్‌గజపతిరాజు 2025 జులైలో గోవా గవర్నర్ అయ్యారు.

ఓటరు చేతిలో ఉన్నదేమిటి?

2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో ఆగిరిపల్లి మండలం కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి మారింది. ఇక్కడి ఓటరుకు సార్వత్రిక ఎన్నికల్లో రెండు ఓట్లు ఉంటాయి. నూజివీడు శాసనసభ స్థానానికి వేసే ఓటు ముఖ్యమంత్రి ఎవరన్నది నిర్ణయించడంలో భాగమవుతుంది. ఏలూరు లోక్‌సభ స్థానానికి వేసే ఓటు కేంద్రంలో ఏర్పడే ప్రభుత్వాన్ని నిర్ణయించడంలో భాగమవుతుంది. గవర్నర్‌ను నియమించేది రాష్ట్రపతే అయినా ఆ నియామకం కేంద్ర మంత్రిమండలి సలహాపైనే జరుగుతుంది. కనుక గవర్నర్ ఎంపికలో ప్రజలకు పరోక్షంగా ఉన్న దారి లోక్‌సభ ఓటు ఒక్కటే. అభ్యర్థుల జాబితా లేదు, ప్రచారం లేదు, పోలింగ్ లేదు. ఎన్నుకోని పదవిని ప్రశ్నించే అవకాశం మాత్రం న్యాయస్థానాల్లోనూ, శాసనసభలోనూ, ప్రజాభిప్రాయంలోనూ ఉందని 1984 నాటి ఆ నెల రోజులు చాటిచెప్పాయి.