జొన్న పాతర నుంచి రేషను కార్డు దాకా

హైదరాబాదు ఐటీ క్యాంటీన్లలో ఈ మధ్య "మిల్లెట్ బౌల్" అని ఒకటి వచ్చింది. కొర్రన్నంలో నాలుగు కూరగాయ ముక్కలు కలిపి రెండొందల పైనే పుచ్చుకుంటున్నారు. మా టీములోవాళ్ళు ఫోటోలు తీసుకుని మరీ తింటున్నారు. తినండి, మంచిదే. నాకు మాత్రం ఓ సందేహం పట్టుకుంది. మా అనంతపురం పల్లెల్లో బీదోళ్ళ తిండిగా బతికిన ఈ కొర్రలు మధ్యలో ఓ నలభయ్యేళ్ళు ఎటు పోయినట్టు?

చాలామంది ఠక్కున చెప్పే జవాబు రామారావు గారి రెండు రూపాయల బియ్యం. 1983 జనవరిలో ఆయన ముఖ్యమంత్రి అయ్యారు, ఏప్రిల్ 14న పథకం మొదలైంది. మనిషికి నెలకి 5 కిలోలు, ఇంటికి 25 కిలోలకి మించకుండా. ఆ బియ్యం వచ్చి మన తిండిని చెడగొట్టిందని ఏసీ గదుల్లో కూచుని తిట్టేవాళ్ళతో నాకు పేచీ ఉంది. అంతకుముందు వరన్నం అంటే పండక్కో, అల్లుడొస్తేనో. కూలికి పోయే ఇంట్లో రోజూ అన్నం ఉడకడమంటే కడుపు నిండటం ఒక్కటే కాదు, నలుగురిలో తలెత్తుకోవడం కూడా. పైగా కొర్రలు దంచేదెవరు, జొన్నలు విసిరేదెవరు? "బియ్యమొచ్చినాక చేతులకి సుఖమొచ్చింది నాయనా" అనేది మా జేజి. ఆమె మాటని కొట్టిపారేసే ధైర్యం నాకు లేదు.

అసలు కథ అంతకుముందే మొదలైంది. మా జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. దానికి తగ్గట్టే ఎర్రనేలలో కొర్ర, సజ్జ, నల్లరేగడిలో జొన్న వేసేవాళ్ళు. కొర్ర మూడు నెలల్లోపే చేతికొస్తుంది, ఓ వాన తప్పినా ఎంతో కొంత రాలుతుంది. 1960ల తర్వాత ఎర్రనేలని వేరుశనగ మింగేసింది. నాలుగు డబ్బులొచ్చే పంట, కొనే నూనెమిల్లు ఉంది, ఎవరు మాత్రం వేయరు? కానీ ఎకరాకి విత్తనమే 40, 50 కిలోల పప్పు కావాలి. వాన ఎగ్గొడితే పోయేది పంట ఒక్కటే కాదు, విత్తనం అప్పు కూడా. పోనీ ఉన్నది తిని గడుపుదామంటే వేరుశనగతో మూడు పూటలా గడవదు కదా. అమ్ముకోవాలి, గింజలు కొనుక్కోవాలి. సరిగ్గా అక్కడ చౌక బియ్యం వచ్చి కూచుంది. ఒకటి లేకుండా రెండోది నిలవదు. మన భాషలో చెప్పాలంటే సర్క్యులర్ డిపెండెన్సీ.

వీటి మధ్య పోయినది పాతర. ఈ కాలం పిల్లలకి "పాతరేయడం" అంటే సినిమా డైలాగే తప్ప, పాతరలో జొన్నలు పోసేవాళ్ళని తెలియదు. నేలలో కుండలా లోతుగా గొయ్యి తవ్వి, లోపలంతా జొన్న చొప్ప పరిచి, గింజలు నింపి, పైన బండ పెట్టి మట్టితో మెత్తేవాళ్ళు. గాలాడదు కాబట్టి పురుగు బతకదు. తీసేటప్పుడు మాత్రం వెంటనే దిగకూడదు. ముందు దీపం దింపి చూడాలి, ఆరిపోతే మనిషి దిగితే అంతే సంగతులు. కరువొచ్చిన ఏడు ఊరికి ఆ పాతరలే దిక్కు. కూలి కూడా గింజల్లోనే కొలిచేవాళ్ళు కాబట్టి ధర పెరిగినా కూలోడి గిన్నె తగ్గేది కాదు. (పాతర ఉన్న రెడ్డి దగ్గర చేయి చాచాల్సి వచ్చేదన్నది వేరే సంగతి. ఆ రోజులు స్వర్ణయుగమని నేననను.) చొప్ప పోయాక ఎద్దులు పోయాయి, ఎద్దులతో పాటు ఎరువూ పోయింది. వేరుశనగ కట్టె పశువులు తింటాయి, నిజమే, వాన రాని ఏడు అదీ ఉండదు.

నా మట్టుకు తప్పు చౌక బియ్యంలో లేదు, ఒకే గింజలో ఉంది. బియ్యానికి మిల్లుల నుంచి లెవీ, గోదాములు, లారీలు అన్నీ అమర్చారు. జొన్నకి మద్దతు ధర ప్రకటించడమే తప్ప, మా ఊరికొచ్చి కొన్న నాథుడు లేడు.

ఇంకోలా చేయొచ్చని జహీరాబాదు దగ్గర డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ ఆడవాళ్ళు చేసి చూపించారు. ఎక్కువమంది దళితులే. 1990ల మధ్యలో బీడు పడ్డ పొలాలకి అప్పిచ్చి జొన్న వేయించారు. బాకీ డబ్బుగా కాదు, గింజలుగా తీసుకుని ఊళ్ళోనే దాచి, బీదవాళ్ళకి చౌకగా ఇచ్చారు. ఎవరెంత బీదో తేల్చిందీ ఆ ఊరివాళ్ళే. ఆ సొసైటీకి ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ ప్రైజ్ 2019లో వచ్చింది.

ప్రభుత్వానికి ఈ ఆలోచన తట్టేసరికి చాలా ఆలస్యమైంది. 2013 ఆహార భద్రత చట్టంలో చిరుధాన్యాలు కిలో రూపాయి అని రాశారు. పక్కనున్న కర్ణాటకలో రేషన్లో రాగి, జొన్న ఇచ్చారు. మన సీమలో 2023లో కొంత బియ్యం బదులు రాగులివ్వడం మొదలుపెట్టారు. మా ఊళ్ళో అప్పటికి రాగి పండించేవాళ్ళు ఒక్కరూ లేరు. అవీ లారీలోనే వచ్చాయి.