అమెరికాలో జింక వేట: లైసెన్స్ చౌకే, నేలే ఖరీదు

మన దేశంలో 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం జింకను వేటాడటం నేరం. అమెరికాలో అదే పని రాష్ట్ర ప్రభుత్వ లైసెన్స్‌తో, సీజన్ ప్రకారం, ఎన్ని జింకలనే లెక్క ప్రకారం జరుగుతుంది. ఆఫీసులో పక్క సీటు అతను "ఈసారి డీర్ సీజన్‌కు వస్తావా?" అని పిలిస్తే మనవాళ్లకు వచ్చే మొదటి సందేహాలు రెండు. ఖర్చెంత? వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ పట్టుకోవచ్చా? మన కుటుంబాలు పెద్ద సంఖ్యలో ఉన్న టెక్సాస్‌ను ఉదాహరణగా తీసుకుని ఈ రెండింటికీ జవాబు చూద్దాం. ఫీజులు మారుతుంటాయి కాబట్టి కొనే ముందు టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ వెబ్‌సైట్‌లో సరిచూసుకోండి.

లైసెన్స్ ఖర్చు

టెక్సాస్‌లో వరుసగా ఆరు నెలలకు పైగా నివసిస్తున్నవారికి వేట లైసెన్స్ 25 డాలర్లు. వేట, చేపలు పట్టడం రెండూ కలిసిన సూపర్ కాంబో 68 డాలర్లు. బయటి రాష్ట్రాల వారికి మాత్రం 315 డాలర్లు. విల్లుతో వేటాడేవారు అదనంగా 7 డాలర్లు కట్టి ఆర్చరీ ఎండార్స్‌మెంట్ తీసుకోవాలి. 1971 సెప్టెంబరు 2న గానీ, ఆ తర్వాత గానీ పుట్టినవారికి హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు తప్పనిసరి. 17 ఏళ్లు నిండినవారు దీన్ని ఆన్‌లైన్‌లోనే పూర్తి చేయవచ్చు.

అసలు ఖర్చు నేలది

టెక్సాస్‌లో దాదాపు 95 శాతం భూమి ప్రైవేటు వ్యక్తులది. చేతిలో లైసెన్స్ ఉన్నా, భూమి యజమాని అనుమతి లేకుండా వేటాడితే క్రిమినల్ కేసే. మీరు కొట్టిన జింక గాయంతో పక్కవారి కంచె దాటినా, వారిని అడగకుండా వెంట వెళ్లకూడదు. చెట్ల మీద, కంచె స్తంభాల మీద నిలువుగా ఊదారంగు గీతలు కనిపిస్తే "లోపలికి రావద్దు" అని బోర్డు పెట్టినట్టే లెక్క. పిల్లలతో సరదాగా నడవడానికి వెళ్లే కుటుంబాలు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి.

అందుకే ఇక్కడ "డీర్ లీజు" పద్ధతి నడుస్తోంది. కొందరు కలిసి ఒక రాంచ్‌ను ఏడాదికి గానీ, సీజన్‌కు గానీ కౌలుకు తీసుకుంటారు. ఎకరానికి 15 డాలర్లనుకుంటే 500 ఎకరాలకు 7,500 డాలర్లు. ఆరుగురు పంచుకుంటే తలా 1,250. ఇది లెక్క తెలియడానికి చెప్పిన ఉదాహరణే. ఊరికి దూరం, నీటి వసతి, జింకల సంఖ్యను బట్టి ధర చాలా మారుతుంది. డబ్బు కట్టే ముందు ఒప్పందం రాతపూర్వకంగా ఉండేలా చూసుకోండి. ఎంతమందికి ప్రవేశం, ఎన్ని జింకలు, అతిథులను తీసుకురావచ్చా, బీమా ఎవరు కట్టాలి అనేవి అందులో స్పష్టంగా ఉండాలి.

తక్కువ ఖర్చు దారులు

లీజు భారం అనుకునేవారికి 48 డాలర్ల యాన్యువల్ పబ్లిక్ హంటింగ్ పర్మిట్ ఉంది. దాంతో రాష్ట్రవ్యాప్తంగా పది లక్షల ఎకరాలకు కాస్త అటూ ఇటూగా ఉన్న నేలల్లో వేటాడవచ్చు. ఇలాంటి ప్రభుత్వ నేలల్లో నారింజ రంగు దుస్తుల నిబంధన ఉంటుంది. లాటరీ పద్ధతిలో కేటాయించే డ్రాన్ హంట్స్‌కు తక్కువ రుసుముతో దరఖాస్తు చేసుకోవచ్చు.

రాష్ట్రం మారితే పరిస్థితి కూడా మారుతుంది. పెన్సిల్వేనియాలో స్టేట్ గేమ్ ల్యాండ్స్ పేరుతో 15 లక్షల ఎకరాలు, కాన్సస్‌లో రైతుల నుంచి ప్రభుత్వమే కౌలుకు తీసుకుని తెరిచిన పది లక్షల ఎకరాలకు పైగా నేల వేటగాళ్లకు అందుబాటులో ఉన్నాయి.

వీసా మీద ఉన్నవారికి

అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది ఇదే. హెచ్-1బి, హెచ్-4, ఎఫ్-1 వంటి నాన్-ఇమిగ్రెంట్ వీసాలపై వచ్చినవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. అమెరికాలో చట్టబద్ధంగా జారీ అయిన వేట లైసెన్స్ ఉన్నవారికి మినహాయింపు ఉంది. అంటే ఆ 25 డాలర్ల కాగితం వేటకు అనుమతి మాత్రమే కాదు, తుపాకీ పట్టుకోవడానికి ఆధారం కూడా.

చిక్కు ఎక్కడంటే, టెక్సాస్ వేట లైసెన్స్ ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో ముగుస్తుంది. వేట అయిపోయిందని రెన్యూవల్ మర్చిపోతే, ఇంట్లో ఉన్న తుపాకీ సెప్టెంబరు 1 నుంచి నేరానికి ఆధారమవుతుంది. ఈ నేరానికి గరిష్ఠ శిక్ష 15 ఏళ్ల జైలు. తుపాకీ కేసులో శిక్ష పడితే దేశం నుంచి పంపించేయవచ్చు కూడా. భర్తకు లైసెన్స్ ఉంటే భార్యకు వర్తించదు. ఎవరి లైసెన్స్ వారిదే. గ్రీన్ కార్డు ఉన్నవారికి ఈ వీసా నిషేధం లేదు. తుపాకీ కొనే ముందు ఇమిగ్రేషన్ లాయర్‌ను ఒక్కసారి అడగడం మంచిది. విల్లు, క్రాస్‌బో ఫెడరల్ చట్టం దృష్టిలో తుపాకీలు కావు కాబట్టి చాలామంది వీసాదారులకు అదే తేలికైన దారి.

మన జింకలు అక్కడ

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక, తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల దుప్పి టెక్సాస్ హిల్ కంట్రీ రాంచుల్లో తిరుగుతుంటాయి. వీటిని విదేశీ జాతులుగా లెక్కిస్తారు కాబట్టి రాష్ట్రం సీజన్, సంఖ్య పరిమితులు పెట్టదు. వేట లైసెన్స్ మాత్రం కావాలి. ధర రాంచ్ యజమాని ఇష్టం, సాధారణంగా తలకింత అని ఉంటుంది.

మర్చిపోయే ఖర్చులు

కోత, ప్యాకింగ్ చేసే ప్రాసెసర్‌కు ఒక్కో జింకకు తరచూ వంద డాలర్లు దాటుతుంది. ఫ్రీజర్, పెట్రోలు, బస కలుపుకోండి. తెల్లతోక జింక మాంసాన్ని బంధుమిత్రులకు పంచవచ్చు గానీ అమ్మకూడదు. టెక్సాస్‌లో ఎవరైనా మీకు వేట మాంసం ఇస్తే వైల్డ్‌లైఫ్ రిసోర్స్ డాక్యుమెంట్ అనే చీటీ కూడా అడిగి తీసుకోండి.

తుపాకీ సీజన్ సాధారణంగా నవంబరు మొదటి శనివారం మొదలవుతుంది. వెళ్లాలనుకునేవారు ముందు కోర్సు, తర్వాత లైసెన్స్, ఆపై నేల చూసుకుని, చివరగా తుపాకీ సంగతి ఆలోచించాలి. ఈ వరుస తప్పితే డబ్బు పోవడమే కాదు, వీసాకే ముప్పు రావచ్చు.