ఒట్టు పెట్టుకున్నవాడికి దక్కేదేమిటి?

కిందటేడు వేసవి సెలవుల్లో మా అమ్మాయి లైబ్రరీ నుంచి ఇటుకంత లావు పుస్తకం ఒకటి మోసుకొచ్చింది. దాదాపు వెయ్యి పేజీలు. బ్రాండన్ సాండర్సన్ రాసిన 'ది వే ఆఫ్ కింగ్స్', 2010లో వచ్చిన నవల. అన్నం పళ్ళెం ముందు కూడా అది మూయకపోతే, "ఏముందే అందులో?" అని అడిగాను. అడగడమే ఆలస్యం, అరగంట క్లాసు తీసుకుంది.

అందులో నైట్లుంటారు. నైట్లంటే రాత్రులు కాదు, కవచం తొడుక్కుని గుర్రమెక్కే యూరప్ వీరులకి ఈ రచయిత అల్లిన కొత్త రూపం. పది కూటాలు. మొదటి ప్రమాణం అందరికీ ఒకటే. తర్వాతవి ఏ కూటానివి ఆ కూటానికే. ఒక్కో ప్రమాణం మనస్ఫూర్తిగా పలికినప్పుడల్లా శక్తి పెరుగుతుంది. గాల్లోకి లేస్తారు, గాయాలు మానిపోతాయి. ఒకప్పుడు వాళ్ళంతా మూకుమ్మడిగా ప్రమాణాలు వదిలేశారు, శక్తులూ పోయాయి.

"అమ్మా, నిజంగా ఇలాంటి నైట్లు ఉండేవాళ్ళా?" అంది. వెంటనే ఇంకోటి: "వచ్చే వారం నువ్వు కూడా ఓత్ తీసుకుంటున్నావు కదా, నీకేం పవర్ వస్తుంది?"

వచ్చే వారం నా పౌరసత్వ ప్రమాణం. మొదటి ప్రశ్న కోసం పుస్తకాలు తిరగేశాను. రెండోదానికి జవాబు దొరకడానికి ఇంకొంచెం సమయం పట్టింది.

ఈ ఊహ సాండర్సన్‌తో మొదలైంది కాదు. మన పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని పాచికలేసి ఆడే 'డంజన్స్ అండ్ డ్రాగన్స్' ఆటలోకి 1975లోనే పాలడిన్ అనే ధర్మవీరుడి పాత్ర వచ్చింది. నియమం తప్పితే వాడి మహిమలు పోతాయి. 2014లో వచ్చిన అయిదో కూర్పులో ప్రమాణాన్నే ఆ పాత్రకి ఆయువుపట్టు చేశారు. ఏ ప్రమాణం చేస్తే ఆ రకం శక్తి.

మరి అసలు నైట్ల సంగతి? పదో శతాబ్దం చివర్లో ఫ్రాన్సులో గుర్రం, కత్తి ఉన్నవాళ్ళు చాలామంది ఊళ్ళ మీద పడి దోచుకునేవాళ్ళు. రాజు బలహీనుడు, అడిగేవాడు లేడు. 989లో షారూ అనే చోట బిషప్పులు సమావేశమై, చర్చిని కొల్లగొట్టినవాణ్ణీ, పేదరైతు గొడ్డూ గోదా తోలుకుపోయినవాణ్ణీ వెలివేస్తామని ప్రకటించారు. తర్వాతి సభల్లో ఈ కత్తి వీరుల్ని పిలిచి, పునీతుల అస్థికల మీద చెయ్యి వేయించి ఒట్టు పెట్టించారు. అంటే నైట్ చేత చేయించిన తొలి ప్రమాణాల్లో కొన్ని వాడికి శక్తినిచ్చేవి కావు. అప్పటికే మితిమీరి ఉన్న శక్తికి ముకుతాడు వేసేవి.

ప్రమాణం వల్ల శక్తి వచ్చిన అసలైన ఉదాహరణ టెంప్లర్లది. 1119 ప్రాంతంలో హ్యూగ్ ద పెయాన్ అనే ఫ్రెంచి నైటూ, కొద్దిమంది తోటివాళ్ళూ జెరూసలేంలో యాత్రికుల్ని దారిదోపిళ్ళ నుంచి కాపాడడానికి ఒక కూటం కట్టారు. అక్కడి మతపెద్ద ఎదుట మూడు ప్రమాణాలు చేశారు: సొంత ఆస్తి ఉండదు, పెళ్ళి ఉండదు, పెద్ద చెప్పిన మాటకి ఎదురుండదు. 1129లో ట్రాయ్ సభ వాళ్ళకి నియమావళి ఇచ్చింది. కళ్ళేనికి వెండి బంగారాలు కూడదు. అనుమతి లేకుండా ఇంటికి ఉత్తరం రాయకూడదు. సింహాన్ని తప్ప దేన్నీ వేటాడకూడదు. అన్నీ వదులుకునేవే, పొందేది ఒక్కటీ లేదు.

చిత్రమేమిటంటే, ఆ వదులుకోవడమే వాళ్ళకి మహిమ తెచ్చిపెట్టింది. వీడికి సొంతానికంటూ ఏమీ ఉండదు, దాచిపెట్టడానికి పెళ్ళాం బిడ్డల్లేరు, కాబట్టి వీడి దగ్గర డబ్బు దాచుకోవచ్చు అని జనం నమ్మారు. 1139లో పోప్ వాళ్ళని తనకి తప్ప ఇంకెవరికీ జవాబు చెప్పనక్కర్లేని వాళ్ళని చేశాడు. యాత్రికులు యూరప్‌లో సొమ్ము కట్టి, పత్రం తీసుకుని, తూర్పున సొమ్ము పుచ్చుకునేవాళ్ళు. 1148లో యుద్ధానికొచ్చిన ఫ్రాన్సు రాజు ఏడో లూయీ వాళ్ళ దగ్గరే అప్పు చేశాడు. తర్వాత్తర్వాత ఫ్రాన్సు రాజుల ఖజానా పారిస్‌లోని టెంప్లర్ల కోటలోనే ఉండేది. గాల్లోకి ఎగరలేదు కానీ, పేదరికం ప్రమాణం చేసినవాళ్ళు రాజులకి అప్పులిచ్చే స్థితికొచ్చారు. ఇంతకన్న మహిమ ఏముంది?

ఆ శక్తి వాళ్ళ కత్తుల్లో లేదు, ఎదుటివాళ్ళ నమ్మకంలో ఉంది. అందుకే నమ్మకం తీసేయగానే కూలిపోయింది. 1291లో అక్ర కోట పోయాక వాళ్ళ పనికి అర్థం లేకుండా పోయింది. అప్పుల్లో మునిగిన ఫ్రాన్సు రాజు నాలుగో ఫిలిప్ 1307 అక్టోబరు 13న, ఒక శుక్రవారం నాడు, దేశంలోని టెంప్లర్లందర్నీ పట్టించాడు. ఆరోపణ ఏమిటో చూడండి: కూటంలో చేరేటప్పుడు తలుపులేసుకుని చేసే ప్రమాణంలో క్రీస్తుని కాదంటారట, శిలువ మీద ఉమ్ముతారట! ఏ ప్రమాణం వల్ల పైకొచ్చారో ఆ ప్రమాణం చుట్టూనే ఉచ్చు బిగించారు. చిత్రహింసలు పెట్టేసరికి చాలామంది ఒప్పేసుకున్నారు, కూటం పెద్ద జాక్ ద మొలేతో సహా. 1312లో పోప్ అయిదో క్లెమెంట్ కూటాన్ని రద్దు చేశాడు. 1314 మార్చిలో మొలేకి యావజ్జీవ శిక్ష చదువుతుంటే, ఆ ముసలాయన నలుగురిలో నిలబడి "నేను ఒప్పుకున్నది అబద్ధం, మా కూటం తప్పు చెయ్యలేదు" అన్న అర్థంలో మాట తిప్పాడు. ఆ రోజే సెన్ నది నడుమ లంకలో తగలబెట్టారు. కూటం నాయకులకి 1308లోనే పోప్ తరఫున పాపవిమోచనం ఇచ్చారని చెప్పే పత్రం 2001లో వాటికన్ భాండాగారంలో బయటపడింది.

నవలలో అయితే ఆ వయసులో నిజం పలికిన మనిషికి కొత్త శక్తి వచ్చి సంకెళ్ళు తెగిపోయేవి. చరిత్రలో మంట వచ్చింది. ఇది చెప్పినప్పుడు మా అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు.

మనకి ఈ కథలు కొత్తవి కావు. దేవవ్రతుడు రాజ్యం వద్దు, పెళ్ళి వద్దు అని ప్రతిజ్ఞ చేసి భీష్ముడయ్యాడు, తండ్రి స్వచ్ఛంద మరణం వరమిచ్చాడు. టెంప్లర్ల లెక్కే, వదులుకున్నందుకు దక్కిన శక్తి. కానీ తను వదులుకున్న రాజ్యంలోనే, నిండు సభలో ద్రౌపదికి అవమానం జరుగుతుంటే ఆ శక్తి ఎందుకూ కొరగాలేదు. పాళీ గ్రంథం 'మిలిందపన్హ'లో బిందుమతి అనే వేశ్య అశోకుడి ఎదుట సత్యం పలికి గంగని వెనక్కి పారించిందని ఉంది. ఆమె సత్యమల్లా, డబ్బిచ్చిన వాళ్ళెవరైనా, ఏ కులమైనా, సమానంగా చూడడం. మహిమకి గుర్రమూ కవచమూ అక్కర్లేదన్నమాట.

మాది చిత్తూరు జిల్లా, కాణిపాకానికి దగ్గర పల్లె. అక్కడి వినాయకుడు ప్రమాణాల దేవుడు. కోనేట్లో మునిగి, తడి బట్టలతో ఆయన ముందు అబద్ధమాడితే బతకరని మావైపు నమ్మకం. మా తాత ఒకాయనకి కాగితం లేకుండా అప్పిచ్చాడట. ఆయన తీసుకోలేదన్నాడు. "సరే, కాణిపాకం పోదాం పద" అన్నాడు తాత. ఇద్దరూ నడిచిపోయారు. కోనేటి మెట్ల దాకా వచ్చి ఆ పెద్దమనిషి, "అన్నా, సంక్రాంతికి ఇచ్చేస్తాలే" అన్నాడట. లోపలికి పోవాల్సిన పనే పడలేదు. అవ్వ ఈ కథ చెప్పినప్పుడల్లా నవ్వేది. ఇప్పుడు ఆలోచిస్తే, పారిస్ కోటలో టెంప్లర్లు చేసిన పనే మా ఊరికి ఆ కోనేరు చేసింది.

ఇక రెండో ప్రశ్న. నాకు పౌరసత్వానికి అర్హత వచ్చి పదేళ్ళయినా అర్జీ పెట్టలేదు. ఈ దేశపు ప్రమాణంలో, ఇదివరకటి రాజ్యానికి విధేయత పూర్తిగా వదులుకుంటున్నానని చెయ్యెత్తి చెప్పాలి. అటు మన చట్టమూ రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు. ఓసీఐ కార్డు 2005 నుంచి ఉన్నా, అది ఓటు లేని చుట్టరికం. ఫోన్లో అడిగితే నాయన ఒకటే అన్నాడు: "చెప్పగలిగితేనే చెప్పమ్మా, ఊరికే చెయ్యెత్తొద్దు." కోనేటి పక్కన పెరిగిన మనిషి. నేనూ ఆయన కూతుర్నే, ఎత్తలేకపోయాను.

గ్రీన్‌కార్డు మీద తల్లిదండ్రుల్ని శాశ్వతంగా పిలిపించుకోవడానికి వీల్లేదు, పౌరులకే వీలు. ఆ సంగతి తెలిసీ ఏడాదికేడాది వాయిదా వేశాను. నాయన 2018లో పోయాడు. అమ్మ ఒక్కతే ఉంది ఇప్పుడు.

ప్రమాణం రోజున హాలు నిండా ఏయే దేశాల వాళ్ళో. కొందరు నవ్వుతున్నారు, కొందరు కళ్ళు తుడుచుకుంటున్నారు. కుడిచెయ్యి ఎత్తి, ఒక్కో మాటా అర్థం తెలుసుకునే పలికాను. వదులుకుంటున్నానన్న చోట గొంతు పట్టేసింది కానీ, ఆ మాట మింగేయలేదు.

కార్లో మా అమ్మాయి మళ్ళీ అడిగింది. "ఏం పవర్ వచ్చిందమ్మా?"

"ఓటు వచ్చింది. అమ్మమ్మకి అర్జీ పెట్టే హక్కు వచ్చింది" అన్నాను.

"తాతయ్య ఉన్నప్పుడే చేసుంటే?"

"ఆయనకీ వచ్చేది."

అది ఇంకేమీ అడగలేదు. ఆ సాయంత్రమే అమ్మ అర్జీ కాగితాలు ముందేసుకుని కూర్చుంటే, లావు పుస్తకం మూసి పక్కన పెట్టి, అమ్మమ్మ పుట్టినతేదీ చదివి వినిపించింది.