భీమునిపట్టణము: పురపాలనమున ముందు నడచిన రేవు

మహానగరముల చరిత్రలను వ్రాయువారు పెక్కురు కలరు. చిన్న పట్టణముల చరిత్రమును తలచువారు అరుదు. కాని తమ వీధిని, తమ దీపమును, తమ మంచినీటిని తామే చక్కబెట్టుకొను విద్యను జనులు మొదట నేర్చినది చిన్న పట్టణములలోనే యని మా యభిప్రాయము. అందుచే మన మహాసభ సందర్భమున వెలువడు నీ సంచికయందు భీమునిపట్టణమును గూర్చి నాలుగు మాటలు విన్నవింపదలచితిమి.

విశాఖపట్టణమునకు ఈశాన్యముగ, గోస్తనీనది సముద్రమున కలియుచోట ఈ పట్టణమున్నది. భీమసేనుడు బకాసురుని వధించి యిచ్చట నరసింహస్వామిని ప్రతిష్ఠించెననియు, అందువలన ఊరికీ పేరు కలిగెననియు స్థలపురాణము. పురాణము మాట యెట్లున్నను, చేరువనున్న పావురాళ్లకొండపై బౌద్ధవిహారముల శిథిలములు నేటికిని కానవచ్చుచున్నవి. ఈ తీరము ప్రాచీనకాలమునుండియు జనావాసమైనదనుట కింతకంటె నిదర్శనము వలదు.

17వ శతాబ్ది మధ్యకాలమున హాలండు దేశపు వర్తకులు ఇచ్చట కోఠీ నెలకొల్పిరి. మన పెద్దలు వీరిని వలందులనిరి. బందరునందలి వలందపాలెము పేరు వారి జ్ఞాపకమే. మన నేతగాండ్రు నేసిన వస్త్రములను కొని వారు తూర్పుదీవులకు పంపుచుండిరి. దూరదేశమున ప్రాణములు విడిచిన వారి గోరీలు ఇప్పటికిని సముద్రపు చేరువనున్న శ్మశానవాటికలో నిలిచియున్నవి. ఆంగ్లేయులకును వారికిని 1824లో జరిగిన సంధి ననుసరించి, 1825లో ఈ రేవు ఆంగ్లేయుల వశమయ్యెను.

ఇక నీ పట్టణమునకు విశేషగౌరవము తెచ్చిన సంగతి చెప్పెదము. 1861వ సంవత్సరమున నిచ్చట పురపాలక సంఘమేర్పడెను. అప్పటికి అమలునందుండినది 1850వ సంవత్సరపు 26వ చట్టము. దాని ప్రకారము పురజనులు కోరిననేగాని యట్టి సంఘమేర్పడుటకు వీలులేదు. కోరుట యనగా తమపై తాము పన్ను వేసుకొనుటకు సమ్మతించుటయే. చెన్నపురి రాజధానిలో అట్లు సమ్మతించిన పట్టణములు మిక్కిలి కొద్ది. రిప్పను ప్రభువు స్థానిక స్వపరిపాలనమును గూర్చి తన ప్రసిద్ధమైన తీర్మానమును ప్రకటించినది 1882 మే నెలలో. అందుకు 21 సంవత్సరములు ముందుగనే ఈ చిన్న రేవు ఆ దారిని అడుగిడెను. నాటి సంఘములు నేటివలె సర్వజనుల వోటుతో ఏర్పడినవి కావనియు, వానియందు అధికారులకును ధనికులకును పలుకుబడి మెండనియు మేమెరుగుదుము. అయినను విత్తు పడినది. చెట్టు తరువాతి కాలమున పెరిగినది.

ఆ దినములలో ఇచ్చట వర్తకమును బాగుగ సాగెను. ఈ రేవున ఓడలు ఒడ్డునకు రాజాలవు. దూరమున లంగరు వేసియుండును. మేకులు లేక కొబ్బరిత్రాటితో పలకలు కుట్టిన మసూలా పడవలలో సరుకులు ఓడలకు చేరుచుండెను. గోగునార ఈ రేవు పేరనే విదేశములలో బిమ్లీ జూటని ప్రఖ్యాతి కనెను. ఆకు మన యింట గోంగూర పచ్చడి. నార పరదేశమున బేరము. ఒక్క మొక్క యూరికి అన్నము పెట్టి పేరు కూడ తెచ్చెను.

అట్టి వర్తకము తగ్గుటకు కారణమేమి? పురజనుల సోమరితనము కాదు. 19వ శతాబ్దపు చివరి దశకమున వేసిన ఇనుపదారి ఈ యూరిని తాకక విజయనగరము మీదుగ పోయెను. 1933లో విశాఖపట్టణమున క్రొత్త ఓడరేవు తెరువబడెను. ఓడలు గోడ ప్రక్కనే నిలుచుచోటు దొరకగా పడవలపై సరుకు మోయించువారెవరు? చేరువనున్న చిట్టివలస జనపనార మిల్లు సహితము 2009లో మూతబడెను. తుదకు 21వ శతాబ్దపు రెండవ దశకమున పురపాలక సంఘమే మహావిశాఖ నగరపాలక సంస్థలో విలీనమయ్యెను.

ఈ విలీనమువలన మేలు లేదనము. పెద్ద సంస్థకు ద్రవ్యము అధికము; నీటి గొట్టములకును, మురుగు కాలువలకును, బాటలకును అది అవసరము. 2022లో ఈ పట్టణము రెవెన్యూ డివిజనునకు ముఖ్యస్థానముకూడ నయ్యెను. కాని 98 వార్డుల మహాసభలో భీమునిపట్టణపు వార్డులెన్ని? తన వీధి దీపము వెలుగకున్న తన యూరి సభకు పోయి యడుగు పౌరునకును, మహానగరమునకు అర్జీ పంపుకొని కాచుకొను పౌరునకును భేదము లేదా? తొలుత కోరి తెచ్చుకొన్న గౌరవము తుదకు చేజారుట చూడ మనసు నొచ్చుచున్నది.

అయినను ఒక్క మాట. రేవు పోయినది, మిల్లు పోయినది, సంఘము పేరు పోయినది. పౌరధర్మము మాత్రము ఒకరు తీసుకొనిపోగలది కాదు. పన్ను చెల్లించువాడు లెక్క అడుగవలెను. లెక్క చెప్పువాడు విసుగుకొనరాదు. పెద్ద సంస్థలోనైనను చిన్న వార్డు తన స్వరమును వినిపింపవచ్చును. మన కులసభకును ఇదియే పాఠము: చందా ఇచ్చుట సగము పని, సభకు వచ్చి యడుగుట మిగిలిన సగము.

కావున సభ్యులకును పోషకులకును మా విన్నపము. మీ యింటి పెట్టెలలో పాత పన్ను రసీదులు, ఇండ్ల దస్తావేజులు, రేవు వర్తకపు చిట్టాలు ఉన్నయెడల చెదలకు విడువకుడు. మీ పిల్లలచే చదివింపుడు, నకళ్లు వ్రాయింపుడు. రాజుల చరిత్ర శాసనములలో నున్నది. మన యూళ్ల చరిత్ర మీ పెట్టెలలో నున్నది.